పిట్టలగెడ్డలో ట్రౌట్ పడిన వైనం

మత్స్యశాఖలో ఉద్యోగం చేసే పేడాడ పరమేశానికి ఒకే ఒక్క చెడ్డ అలవాటు ఉండేది. చేపలు పట్టేవాడు.

ఆ శాఖలో అలాంటివాళ్లు అరుదు. చేపల మీద సమీక్షలు జరిపేవాళ్లు, చేపల గురించి పై ఆఫీసుకు రాసేవాళ్లు, పై ఆఫీసు నుంచి కింది ఆఫీసుకు రాసేవాళ్లు బోలెడంతమంది. నీళ్ల పక్కన కూర్చుని గాలం వేసేవాడు మాత్రం జిల్లా మొత్తానికి పరమేశం ఒక్కడే. అందుకే మన్యంలో పిట్టలగెడ్డ అనే ఊరికి బదిలీ అయినప్పుడు తోటి ఉద్యోగులు జాలిపడితే, అతను గాలపు కర్రను పాత పంచెలో చుట్టుకుని సంబరంగా బస్సెక్కాడు. ఆ ఊరి పక్కనే, ఊరి పేరుతోనే ఒక గెడ్డ కొండల్లోంచి దిగి రాళ్ల మధ్యగా పారుతుంది.

ఆదివారాలు అక్కడ అతనికి జోడు పాంగి చిలకమ్మ. అరవై దాటిన మనిషి. ఒక వెదురు కర్ర, ఎండిన జీలుగు బెండు ముక్క, ఆకు దొప్పలో నాలుగు వానపాములు, ఇదీ ఆవిడ సరంజామా. మలుపులో నల్లటి రాయొకటి ఉంది. దాని మీద ఆవిడ తప్ప ఇంకెవరూ కూర్చోరు. పడేవన్నీ పరిగెలే, అరచేతిలో ఇమిడే వెండి రంగు చేపలు. పరమేశం ఏదైనా మాట్లాడబోతే, "ఊరుకో బాబూ, సేపకి ఇనబడతాది" అని కసిరేది. అతను ఆవిణ్ణి 'అప్పా' అని పిలిచేవాడు, సొంత అక్కను పిలిచినట్టే.

పట్టినదాన్ని గురించి రాయడం అతని రెండో అలవాటు. విశాఖపట్నం నుంచి వచ్చే ఒక చిన్న పత్రికలో నెలకోసారి 'గాలం కబుర్లు' రాసేవాడు. బెండు మునగబోయే ముందు నీళ్లు ఎలా ఊపిరి బిగబట్టినట్టు ఉంటాయో, దొరికిన చేపకన్నా తప్పించుకున్న చేప ఎప్పుడూ ఎందుకు పెద్దదో, ఇలాంటివి. ఆ పత్రికకు మూడు వందలమంది పాఠకులు. అందులో ఒకావిడ, అతని ఖర్మకొద్దీ, డాక్టర్ వేదగిరి శేషశయనం గారి అత్తగారు.

శేషశయనం గారు చాలా పెద్ద అధికారి. రొయ్యల ఎగుమతి గురించి చర్చించడానికి ఒక చలిదేశం వెళ్లినప్పుడు, అక్కడివాళ్లు ఆయన్ను ఒక కొండవాగు దగ్గరికి తీసుకెళ్లి చేతికి గాలం ఇచ్చారు. రెండు గంటలకు ఒక ట్రౌట్ పడింది. ట్రౌట్ అంటే చల్లటి నీళ్లలో మాత్రమే బతికే చుక్కల చేప. ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసులో ఆయనకు ఎన్నడూ కలగని ఆనందం ఆ క్షణంలో కలిగింది. మామూలు మనిషైతే ఆనందాన్ని మనసులో దాచుకుంటాడు. అధికారి పథకం చేస్తాడు.

తిరిగొచ్చిన పదిహేను రోజుల్లో ఉత్తర్వు వెలువడింది. "ట్రౌట్ వేట ద్వారా ప్రజలకు కలుగవలసిన ఆనందం ఇంతవరకు కలగకపోవుటను తీవ్రముగా పరిగణించి, ట్రౌట్ ఆనంద మిషన్‌ను ఇందుమూలముగా నెలకొల్పడమైనది" అన్నది మొదటి వాక్యం. మిషన్ డైరెక్టరు శేషశయనం గారే. వేటాడిన ప్రతి వ్యక్తీ ఇరవై నాలుగు గంటల్లోగా మూడు వందల మాటలకు తగ్గకుండా ఒక ఆనంద నివేదికను మూడు ప్రతులలో సమర్పించవలెను అన్నది చివరి వాక్యం. మిషన్ కేంద్రంగా పిట్టలగెడ్డను ఎంచారు. అక్కడ చేపల మీద రాయగలిగినవాడు ఇప్పటికే ఉన్నాడని అత్తగారు చెప్పారట.

డైరెక్టరు గారు జీపులో వచ్చిన రోజు, పరమేశం గెడ్డలో థర్మామీటరు ముంచి తీసి చూపించాడు.

"ఇరవై మూడు డిగ్రీలండి. ట్రౌటు ఈ నీళ్లలో బతకదు సార్."

శేషశయనం గారు థర్మామీటరు వైపు చూడలేదు. "పరమేశం గారూ, మీరు నీటి కోణం నుంచి ఆలోచిస్తున్నారు. పథకం కోణం నుంచి ఆలోచించండి."

"చేప ఉండేది నీళ్లలో కదండీ?"

"చేప మనకు సాధనం మాత్రమే. మన లక్ష్యం ఆనందం. మిషన్ పత్రంలో చేప అన్న మాట రెండుసార్లు వస్తే, ఆనందం అన్న మాట నలభై ఒక్కసారి వచ్చింది. నేనే రాశాను."

ఉత్తరాది కొండల నుంచి ట్రౌట్ పిల్లలు నాలుగు వేలు ప్రాణవాయువు సంచుల్లో బయలుదేరాయి. ఘాట్ రోడ్డు మూడో మలుపు దాటేసరికి అన్నీ వెల్లకిలా తేలాయి. అయినా వాటిని తెచ్చి గెడ్డలో వదిలారు. 'పిల్లలు గెడ్డకు చేరినవా?' అని ఫారంలో ఉంటే పరమేశం 'చేరినవి' అని రాశాడు. ఏ స్థితిలో చేరినవో రాయడానికి ఫారంలో గడి లేదు. తరవాతి వారం రెండు లారీల ఐసు తెచ్చి ఎగువన గుమ్మరించారు. గెడ్డ పద్నాలుగు నిమిషాలపాటు ఒక డిగ్రీ చల్లబడింది. ఫోటోలన్నీ ఆ పద్నాలుగు నిమిషాల్లోనే తీశారు.

"చేప రావడానికి కొంత వ్యవధి పట్టవచ్చు," అన్నారు డైరెక్టరు గారు, సమీక్షా సమావేశంలో. "వేట కోసం పట్నాల నుంచి అతిథులు వచ్చే నెల నుంచే వస్తారు. ఈలోగా సాహిత్యం సిద్ధంగా ఉండాలి. పరమేశం గారూ, ట్రౌట్ వేటలోని ఆనందం గురించి మీరు ఒక పుస్తకం రాయాలి."

"నేను బతికున్న ట్రౌటును చూడలేదండి."

"అనుభవం ఉన్నవాళ్లు రాస్తే పక్షపాతం వస్తుంది."

నవ్వొచ్చింది పరమేశానికి. కానీ ఆ నవ్వు ఇంటిదాకా నిలవలేదు. ఎందుకంటే పుస్తకం రాయమని ఎవరో అడగాలని పదేళ్లుగా లోపల్లోపల కోరుకుంటున్నవాడు అతను. అట్ట ఎలా ఉంటుందో, తన పేరు ఎంత అక్షరాల్లో పడుతుందో అప్పుడప్పుడు ఊహించుకున్నవాడు. సెలవు పెట్టి కూర్చున్నాడు. తెల్లకాగితం మీద ట్రౌట్ అని రాస్తే చెయ్యి ముందుకు సాగలేదు. పరిగె అని రాస్తే ఆగలేదు. గెడ్డ మీద పొద్దుటి పొగమంచు, మలుపులో నల్లరాయి, బెండు వణికినప్పుడు గుండెలో కలిగే చిన్న జలదరింపు, అన్నీ వరసగా వచ్చేశాయి. నూట పది పేజీలయ్యాయి. అప్పుడు ఎర్ర సిరా కలం తీసుకుని, పరిగె అని ఉన్న ప్రతిచోటా కొట్టేసి ట్రౌట్ అని రాశాడు. ఆ పని చేస్తున్నంతసేపూ కిటికీ వైపు చూడలేదు. కిటికీలోంచి గెడ్డ కనబడుతుంది.

డైరెక్టరు గారు ఒక్క అధ్యాయం మాత్రం చేర్పించారు. చేప పడకపోవడమే వేటలో ఉన్నతమైన ఆనందమని, చేప పడటం కేవలం ప్రారంభదశ సాధకులకేనని అందులో ఉంది.

అతిథులు వచ్చారు. గొడుగుల కింద, టోపీలు పెట్టుకుని, అద్దె గాలాలు పట్టుకుని వరసగా కూర్చున్నారు. ట్రౌట్ ఒక్కటీ పడలేదు. పుస్తకం తీసి చదువుకున్నారు. చదివాక తమకు ఎంత ఉన్నతమైన ఆనందం కలుగుతోందో తెలిసింది. నివేదికలో ఏం రాయాలో తోచక పుస్తకంలోంచే ఎత్తి రాశారు. రిటైరైన బ్యాంకు మేనేజరొకాయన 'బెండు మునిగే ముందు నీళ్లు ఊపిరి బిగబట్టినట్టుంటాయి' అని రాసి కింద సంతకం పెట్టాడు. అదే వాక్యం ఆ నెలలో నూట అరవై నివేదికల్లో వచ్చింది. ఇంతమందికి ఒకే రకం ఆనందం కలగడం మిషన్ శాస్త్రీయతకు రుజువని హెడ్డాఫీసు ప్రశంసాపత్రం పంపింది.

చిక్కల్లా పరిగెలతో వచ్చింది. అవి ఉత్తర్వులు చదవవు కాబట్టి అతిథుల గాలాలకు తగులుకునేవి. తాము పట్టింది ట్రౌట్ కాదని తెలిసి అతిథులు చిన్నబుచ్చుకునేవారు. వెంటనే మెమో వచ్చింది. "పరిగె మొదలగు అనధికార చేపలు ట్రౌట్ ఆనందమునకు అంతరాయము కలిగించుచున్నవి. వీటికి ఎర వేసి గెడ్డకు అలవాటు చేస్తున్న స్థానికులను తక్షణమే నివారించవలెను." పర్మిట్ లేనివారు గెడ్డలో గాలం వేయరాదని బోర్డులు పెట్టారు. కాపలాకు దాలినాయుడనే గార్డును నియమించారు. గట్టు మీద రాళ్లన్నిటికీ తెల్లరంగుతో నంబర్లు వేశారు. మలుపులో నల్లరాయి 'ఆనంద స్థానము - 7' అయింది.

ఆ సాయంత్రమే చిలకమ్మ ఆఫీసుకొచ్చి గుమ్మంలో నిలబడింది.

"నా రాయికి నంబరేసినారేటి బాబూ?"

"పైనుంచి ఉత్తర్వప్పా. కొన్నాళ్లు ఓపిక పట్టు."

"నువ్వేదో బుక్కు రాసినావంట. అందుకే ఈ జనమంతా ఒత్తన్నారంట."

పరమేశం తల ఊపాడు.

"ఏటి రాసినావో సదువు, ఇంతాను."

అతను ఒక పేజీ చదివాడు. ఆవిడ గుమ్మానికి ఆనుకుని, కళ్లు మూసుకుని వింది.

"బాగుంది. ఇది మన పరిగె కదా?"

"అవునప్పా."

"మరి దాని పేరు మార్చినావెందుకు?"

అతను పుస్తకం మూసి, మళ్లీ తెరిచి, మళ్లీ మూశాడు. ఆవిడ వెళ్లిపోయింది. ఆ నెల 'గాలం కబుర్లు' పత్రికకు వెళ్లలేదు. ఆ తరవాతి నెలా వెళ్లలేదు.

ఆఫీసుకు వచ్చి వెళ్లిన వారం తిరక్కుండానే చిలకమ్మ ఏడో నంబరు ఆనంద స్థానం మీద కూర్చుని గాలం వేసింది. దాలినాయుడు పట్టుకున్నాడు. కేసు రాయడానికి హెడ్డాఫీసు నుంచి అచ్చేసి పంపిన ఫారం తీశాడు. అందులో 'స్వాధీనపరచుకున్న ట్రౌట్‌ల సంఖ్య' అని ఒకే ఒక్క గడి ఉంది. పట్టింది ఒక చేప. అతను '1' అని వేసి, ఫోటో తీసి, ఫోన్లో పైకి పంపేశాడు. పరమేశానికి సంగతి తెలిసేసరికే డైరెక్టరు గారి ఫోను మోగుతోంది.

"పరమేశం గారూ! మన మొదటి ట్రౌట్!" ఆయన కుర్చీలోంచి లేచిన చప్పుడు వినిపించింది. "ఎవరండీ ఆ మహానుభావురాలు?"

"ఆవిడ మీద కేసు పెట్టామండి."

"కేసేమిటి! సన్మానం పెట్టండి. చేపను భద్రపరచండి. శాస్త్రవేత్తలను పంపిస్తాను."

పరమేశం దాలినాయుడి వైపు చూశాడు. దాలినాయుడు నేల వైపు చూశాడు.

"చేప లేదండి," అన్నాడు పరమేశం. "పులుసైపోయింది."

ఫోను అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు. "అయితే శాస్త్రీయ ఆధారం పోయింది. ఇక సాహిత్య ఆధారమే శరణ్యం. ఆమె పేరున మీరు ఆనంద నివేదిక రాయండి. శుక్రవారం సభలో వేదిక మీద చదవండి. అది ట్రౌటేనని ఒక ధ్రువపత్రం మీద సంతకం చేయండి."

"అది ట్రౌట్ కాదండి. పరిగె."

"ఆలోచించి మాట్లాడండి. ట్రౌట్ పట్టినదైతే ఆమె రాష్ట్రానికే గర్వకారణం. పరిగె పట్టినదైతే నిషిద్ధ జలాల్లో అనధికార వేట. కర్ర జప్తు, జీవితాంతం గెడ్డ నిషేధం. ఏదైనా మీ సంతకం మీదే ఆధారపడి ఉంది."

పరమేశం ఫోను పెట్టేసి తిన్నగా చిలకమ్మ ఇంటికి నడిచాడు. ఆవిడ వాకిట్లో రాగులు చెరుగుతోంది. జరిగిందంతా చెప్పాడు. నిజం రాస్తే ఏమవుతుందో, అబద్ధం రాస్తే ఏమవుతుందో, ఏదీ దాచలేదు. చెబుతుంటే తన గొంతు తనకే దొంగ గొంతులా వినిపించింది.

ఆవిడ చేట పక్కన పెట్టింది. "కాయితం తెచ్చినావా?"

"తెచ్చాను."

"నాను సెప్తాను, నువ్వు రాయి. సెప్పింది సెప్పినట్టు రాయాల. ఈపాలి పేర్లు మార్సీకు."

ఆవిడ చెప్పింది. అతను రాశాడు. ఒక పేజీ కూడా నిండలేదు.

"అయిపోనాది."

"మూడు వందల మాటలుండాలప్పా. ఇంకా రెండు వందల యాభై తక్కువ."

"ఆయి నువ్వు ఎట్టుకో. నీకు అలవాటే కదా."

పరమేశం కలం మూసి జేబులో పెట్టుకున్నాడు.

శుక్రవారం గెడ్డ ఒడ్డున షామియానా వేశారు. ట్రౌట్ మాతకు స్వాగతం అని బ్యానరు కట్టారు. డైరెక్టరు గారు, అతిథులు, ఊరు ఊరంతా వచ్చారు. చిలకమ్మకు శాలువా కప్పి, మెడ తిప్పడానికి లేకుండా పూలదండ వేసి కూర్చోబెట్టారు. ముప్పావుగంట ఉపన్యాసం తరవాత నివేదిక చదవమని పరమేశాన్ని పిలిచారు. ధ్రువపత్రం జేబులో సంతకం లేకుండా ఉంది. కాగితం విప్పి, ఆవిడ మాటల్లోనే చదివాడు.

"నా పేరు పాంగి చిలకమ్మ. మంగళారం పొద్దుట ఇంట్ల కూర నేదని గెడ్డకెల్లినాను. నా రాయి మీద కూకున్నాను. నీలు సల్లగున్నాయి. బెండు సూత్తంటే నాకింకేటీ గేపకం రాదు. మా ముసిలోడు పోయి తొమ్మిదేళ్లయినాది, అదీ గేపకం రాదు. సేప గుంజినప్పుడు నా సెయ్యి పదారేళ్ల పిల్ల సెయ్యిలాగుంతాది. పడింది పరిగె. మా యమ్మ పట్టిందీ పరిగే. సింతకాయేసి పులుసెట్టినాను. గార్డు బాబు ఎండలో నిలబడున్నాడని ఆడికీ ఎట్టినాను. తిన్నాడు. బాగుందన్నాడు. అంతే."

ముందు వరసలో ఉన్న రిటైర్డ్ బ్యాంకు మేనేజరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఊరివాళ్లు డైరెక్టరు గారి ముఖంలోకి చూశారు. పరమేశం ఉద్యోగం ఆ ముఖంలోనే ఎక్కడో ఉంది. ఆ ముఖం మొదట తెల్లబడింది. తరవాత ఎర్రబడింది. ఆపైన, ఇరవై తొమ్మిదేళ్ల పరిపాలనానుభవం పనిచేయడం మొదలుపెట్టగానే, మెల్లగా వెలిగింది.

ఆయన మైకు అందుకున్నారు. "మిత్రులారా! ఇది చారిత్రక ఘడియ. ట్రౌట్‌ను స్థానిక భాషలో పరిగె అంటారన్న మహత్తర సత్యం ఈ తల్లి నివేదిక ద్వారా మనకు వెల్లడైంది!"

చప్పట్లు మారుమోగాయి. "ఏటంటన్నాడు?" అని చిలకమ్మ దండలోంచి అడిగింది. పరమేశం చెప్పాడు. ఆవిడ డైరెక్టరు గారి వైపు జాలిగా చూసింది. "పాపం, బాగా సదూకున్నాడు కదా."

పది రోజుల్లో గెజిటు వచ్చింది. 'ట్రౌట్ అనగా పరిగె. పరిగె అనగా ట్రౌట్.' ఆ లెక్కన పిట్టలగెడ్డలో లక్షలాది ట్రౌట్లు తరతరాలుగా నివసిస్తున్నట్టు తేలింది. పదేళ్లకు పెట్టుకున్న లక్ష్యం పది రోజుల్లో పూర్తయింది. శేషశయనం గారికి పదోన్నతి వచ్చి, సముద్రతీరాన మంచు క్రీడల మిషన్ నెలకొల్పడానికి వెళ్లారు. అతిథులు రావడం తగ్గింది. తమ ఊరి చెరువులో కూడా దొరికే చేపకోసం ఘాట్ ఎక్కడం దండగనిపించింది కాబోలు. అనధికార చేపంటూ లేకపోవడంతో పర్మిట్ బోర్డులు తీసేశారు. రాళ్ల మీద అంకెలు చెరిగిపోసాగాయి.

కానీ ఉత్తర్వు అలాగే ఉంది, దాన్ని రద్దు చేసే తీరిక ఎవరికీ లేకపోయింది. ఉత్తర్వు ప్రకారం ట్రౌట్ వేటాడిన ప్రతి వ్యక్తీ ఇరవై నాలుగు గంటల్లో నివేదిక ఇవ్వాలి. ఇప్పుడు పిట్టలగెడ్డలో ప్రతి ఇంటా ట్రౌట్ పట్టేవాళ్లే. మొదటి రోజు తొమ్మిదిమంది వచ్చారు. రెండో రోజు ముప్పై ఒక్కమంది.

"బాబూ, నిన్న నాకు నాలుగు పడ్డాయి. ఎలగ పడ్డాయో సెప్తాను, రాసుకో," అంటూ బల్ల ముందు కూర్చునేవారు. పరమేశం మొదట విసుక్కున్నాడు. తరవాత కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. కొత్తగా పెళ్లయిన ఒకతను, భార్య ఎదుట మొదటిసారి గాలం వేసి గట్టుమీంచి గెడ్డలో పడ్డ సంగతి చెప్పాడు. ఎప్పుడూ నోరు విప్పని ఒక పెద్దాయన, గాలం నుంచి జారిపోయిన చేప గురించి గంటసేపు చెప్పి, లేచి వెళ్తూ "మనసు తేలికయినాది" అన్నాడు. మూడు వందల మాటల నిబంధన ఇప్పుడు అడ్డుగా అనిపించలేదు. ఎవరి కబురూ అంతలో ఆగడంలేదు. పరమేశం ఎవరి మాటనూ మార్చలేదు. మూడేసి ప్రతులు తీసి, కట్టలు కట్టి, పైకి పంపుతూ వచ్చాడు. చిలకమ్మ మాత్రం ఆఫీసుకు రాలేదు. తన నివేదిక కావాలంటే అతన్నే రాయి దగ్గరికి రమ్మంది. పైగా చేపకు వినబడకుండా గుసగుసగా చెప్పేది.

నాలుగు నెలలయ్యాక హెడ్డాఫీసు నుంచి రిజిస్టరు పోస్టులో మెమో వచ్చింది.

"మీ కేంద్రము నుండి గత త్రైమాసికములో నమోదైన ఆనందము, మొత్తము జిల్లాకు కేటాయించిన పరిమితికన్నా పదకొండు రెట్లు అధికముగా ఉన్నది. ముందస్తు అనుమతి లేకుండా ఇంత ఆనందము ఎట్లు కలిగినదో ఏడు దినములలోగా సంజాయిషీ సమర్పించవలెను. లేనియెడల తగు చర్య తీసుకొనబడును."

పరమేశం ఆ మెమోను రెండుసార్లు చదివాడు. ఆ రోజు వచ్చినవాళ్ల కబుర్లన్నీ రాయడం ముగించి, ఆఖరి మనిషిని పంపించి, సంజాయిషీ రాయడానికి కూర్చున్నాడు. మొదటి చిత్తు నాలుగు పేజీలు వచ్చింది. చించేశాడు. రెండోది ఒక పేజీ. అదీ చించేశాడు. కిటికీలోంచి గెడ్డ వైపు కాసేపు చూసి, మూడోసారి తెల్లకాగితం తీసుకుని రాశాడు.

"అయ్యా,

ఈ ఏడు వానలు బాగా పడ్డాయి.

ఇట్లు తమ విధేయుడు, పే. పరమేశం."